ఉత్సవ కమిటీ పెద్దలకు కోలాటం జట్టు ఆడపడుచు రాస్తున్న బహిరంగ లేఖ

బాబాయి గారికి, పెదనాన్న గారికి, కమిటీలో ఉన్న అన్నయ్యలకు, తమ్ముళ్లకు నమస్కారం.

మీరు పంపిన కాగితం అందింది. వినాయక చవితి ఏడో రోజు రాత్రి పందిరి ముందు మా కోలాటం జట్టు పాడిన పాట భక్తుల మనోభావాలను దెబ్బతీసిందని, అందుకు జట్టు అయిదు వేలు తప్పు, అంటే జరిమానా, కట్టాలని, పాట రాసిన నేను అందరి ముందు క్షమాపణ చెప్పాలని, కమిటీ కొనిచ్చిన చీరలు వాపసు ఇవ్వాలని, ఇకమీదట ఊళ్లో ఏ ఉత్సవంలో ఏ పాట పాడాలన్నా ముందు కాగితం మీద రాసి మీకు చూపించాలని అందులో ఉంది. వినకపోతే పోలీసు కేసు పెడతామని చివర ఇంకో ముక్క.

చీరలు మర్నాడే ఇచ్చేశాం. పదహారు చీరలూ ఉతికి, ఇస్త్రీ చేసి, లెక్కపెట్టి అన్నయ్య చేతికే ఇచ్చాను. తప్పు కట్టలేదు. కట్టకూడదని మా పదహారుమందీ కూర్చుని అనుకున్నాం. మీ నిర్ణయాన్ని మైకులో ఊరంతటికీ చదివి వినిపించారు కాబట్టి నా జవాబు కూడా ఊరంతటికీ తెలిసేలా రాస్తున్నాను.

నేను ఈ ఊళ్లో పుట్టి, ఈ ఊళ్లోనే మేనత్త కొడుకును చేసుకుని, ఈ ఊళ్లోనే బట్టలు కుడుతున్న మనిషిని. మీలో సగం మంది నన్ను ఎత్తుకుని తిప్పినవాళ్లు. మా అమ్మ భజన బృందంలో పాడుతుంటే నేను పక్కన కూర్చుని చిడతలు వాయించేదాన్ని. ఆరేళ్ల కిందట జట్టు కట్టినప్పుడు మీరే ముందుకొచ్చి చీరలు కొనిచ్చారు. ఆ సంగతి మరిచిపోలేదు. ఆ చనువుతోనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ రాత్రి మేం తొమ్మిది పాటలు పాడాం. ఎనిమిది స్వామి పాటలే. తొమ్మిదోది నేను రాసింది. దాని గురించి ఊళ్లో రకరకాలుగా చెప్పుకుంటున్నారు, కొందరు మేం అనని మాటలు కూడా అన్నామంటున్నారు. అందుకని మూడు చరణాలూ ఇక్కడే రాస్తున్నాను.

లడ్డు పాట పాడినాడె — కోలు కోలన్న
లక్ష దాటి పోయినాడె — కోలు కోలన్న
నాటు కూలి అడగబోతె — కోలు కోలన్న
కోతలయ్యె దాక ఆగమనె — కోలు కోలన్న

ఏడు కొండలెక్కినాడె — కోలు కోలన్న
ఉన్న జుట్టు ఇచ్చినాడె — కోలు కోలన్న
అన్నతోటి గట్టు తగవు — కోలు కోలన్న
అంగుళమైన వదలడాయె — కోలు కోలన్న

మాల వేస్తె మందు మానె — కోలు కోలన్న
ఇంటిదాన్ని మాత అనె — కోలు కోలన్న
మాల తీసిన మర్నాడె — కోలు కోలన్న
మాత మీద చెయ్యి ఎత్తె — కోలు కోలన్న

ఇంతే పాట. మూడో చరణం రెండోసారి తిప్పుతుండగా మైకు ఆపేశారు.

ఇందులో ఎక్కడైనా దేవుణ్ని ఒక్క మాట అన్నామా? వినాయకుణ్ని గానీ, వెంకటేశ్వరస్వామిని గానీ, అయ్యప్పను గానీ తక్కువ చేశామా? లడ్డు తప్పని, తలనీలాలు తప్పని, దీక్ష తప్పని ఎక్కడైనా ఉందా? దేవుడి ముందు ఒకలాగా, ఇంటికి తిరిగొచ్చాక ఇంకోలాగా ఉండేవాడి గురించే పాట. వాడి పేరు కూడా పాటలో లేదు. ఆ రాత్రి పందిట్లో కూర్చున్న నాలుగు వందల మందిలో బాధపడినవాళ్లు ఎందుకు బాధపడ్డారో నిదానంగా ఆలోచించమని అడుగుతున్నాను.

ఒక్కో చరణం ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెబుతాను. నేను ఊహించి రాసింది ఏదీ లేదు.

లడ్డు వేలంపాట ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉంది. హైదరాబాదు దగ్గర బాలాపూర్‌లో 1994లో లడ్డు 450 రూపాయలకు పోయింది. 2024లో అదే పాట 30 లక్షలు దాటింది. అక్కడ ఆ డబ్బును ఊరి పనులకు ఖర్చు పెడతారని పేరుంది, ఆ మాట చెప్పాలి. మన ఊళ్లో ఈ ఏడాది లక్షా పదహారు వేలు పలికింది. పాడుకున్నందుకు ఎవరినీ తప్పుపట్టను. కానీ ఆ రోజుకి నాట్లు వేసిన ముఠాలో పది మంది ఆడవాళ్లకు డబ్బు రాలేదు. వాళ్లలో ముగ్గురు మా జట్టులో ఉన్నారు. వాళ్లు మోకాళ్ల లోతు నీళ్లలో వంగి నాటిన డబ్బు అది. పందిట్లో లక్ష కేకేస్తుంటే వాళ్లు కింద కూర్చుని చప్పట్లు కొట్టారు. నేను వాళ్ల పక్కనే ఉన్నాను. ఇంటికెళ్లి ఆ రాత్రే చరణం రాశాను. దసరా లోపు ఆ పది మందికీ డబ్బు అందింది. ఇచ్చిన ఆయనకు ఈ లేఖ ద్వారా కృతజ్ఞతలు చెబుతున్నాను.

రెండోది గట్టు తగాదాల చరణం. మన కృష్ణా డెల్టాలో గట్టు తగవు లేని ఇల్లు చూపించండి. దీని గురించి ఎక్కువ చెప్పను.

మూడోదే అసలు గొడవ. అయ్యప్ప దీక్షను అవమానించానని కాగితంలో రాశారు. మా ఆయన పదకొండేళ్లుగా మాల వేస్తున్నారు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, ఒంటిపూట భోజనం, ఆ నలభై ఒక్క రోజులూ ఇంట్లో వండేది నేనే. ఇరుముడి కట్టేటప్పుడు గుప్పిట బియ్యం పోసేది నేనే. ఆ బియ్యం పోసే క్షణంలో నాకు కళ్లలో నీళ్లొస్తాయి. నాకు దీక్ష అంటే గౌరవం లేదని ఎవరైనా అంటే ఆ మాట నా గుమ్మం దగ్గరికి వచ్చి అనమనండి.

ఆ చరణం నా కుట్టు మిషను దగ్గర పుట్టింది. పోయిన ఏడాది సంక్రాంతి అయ్యాక ఒకామె జాకెట్టు ఆది ఇవ్వడానికి వచ్చింది. చేతులు పొడుగ్గా, మోచేతుల కింది దాకా కుట్టమంది. ఎండలు వస్తున్నాయి, పొడుగు చేతులు ఎందుకని అడిగాను. ఏమీ అనకుండా కొంగు తీసి చూపించింది. భుజం నుంచి మోచేయి దాకా కమిలిపోయి ఉంది. “మాల ఉన్నన్నాళ్లు మాత అన్నాడక్కా. ఆ నలభై రోజులే నాకు పండగ. ఆ మాల ఏడాదంతా ఉంటే ఎంత బావుండేది” అంది. నేను టేపు పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆమె ఎవరో చెప్పను. కానీ అలాంటి జాకెట్లు నేను ఒకటి కాదు, చాలా కుట్టాను. మీ ఇళ్ల ఆడవాళ్లను అడగండి, వాళ్లకు తెలుసు.

ఆమె అన్న మాటను మళ్లీ వినండి. ఏడాదంతా దీక్షలోనే ఉండాలని కోరుకున్న ఆమె దీక్షను గౌరవించిందా, అవమానించిందా? మాల తీసిన మర్నాడు చెయ్యెత్తినవాడు గౌరవించాడా? స్వామి పేరుతో నలభై ఒక్క రోజులు నిగ్రహించుకోగలిగినవాడు నలభై రెండో రోజు నిగ్రహించుకోలేడా? నా చరణం అడిగింది ఇదే. మూడో చరణం తిప్పేటప్పుడు ఆడవాళ్లు కూర్చున్న వైపునుంచి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. తర్వాత అటువైపంతా కొట్టారు. మైకు ఆగింది అప్పుడే.

మర్నాడు రచ్చబండ దగ్గర మా ఆయనతో బాబాయి ఒక మాట అన్నారట. “ఆడపిల్లలు దేవుడి పాటలు పాడుకోవాలి గానీ ఈ ఎత్తిపొడుపు పాటలు మన సంప్రదాయమా?” అని. ఆ మాట నన్ను తప్పు కంటే ఎక్కువ బాధపెట్టింది. ఎందుకంటే మన దివిసీమలో ఉండి అడగవలసిన ప్రశ్న కాదది.

ఘంటసాల దగ్గర శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు గుడికి మనం ఏటా వెళ్తాం. ఆ స్వామి మీద మన పెదప్రోలు కవి కాసుల పురుషోత్తముడు నిందాస్తుతిగా, అంటే తిడుతున్నట్టే పొగుడుతూ, ఒక శతకమే రాశాడు, రెండు వందల ఏళ్ల కిందట. భూదేవి పెళ్లాం కాబట్టి నువ్వు లోకాన్ని భరిస్తున్నావని పేరొచ్చింది, లక్ష్మి పెళ్లాం కాబట్టి అడిగింది ఇస్తావని పేరొచ్చింది, బ్రహ్మ కొడుకు కాబట్టి, గంగ కూతురు కాబట్టి ఘనతలు వచ్చాయి అంటూ వరసగా చెప్పి, చివర్లో ఇలా అంటాడు:

“ఆండ్రు బిడ్డలు దెచ్చు ప్రఖ్యాతి గాని
మొదటి నుండియు నీవు దామోదరుడవు”

నీ పేరంతా పెళ్లాలు, పిల్లలు తెచ్చిపెట్టిందే గానీ, నువ్వు మొదటినుంచీ తాడుతో కట్టేస్తే పడున్నవాడివే అని దేవుడి మొహం మీదే అనేశాడు. ఆ గుడిలో ఆ పద్యాలు ఎవరూ ఆపలేదు. అవి మనదాకా వచ్చాయి. మేం దేవుణ్ని అననే లేదు, మనిషిని అన్నాం. దేవుడికి పట్టింపు లేనిచోట మనిషికి ఎందుకంత పట్టింపు?

కూచిపూడి మనకు ఎంతో దూరం లేదు. అక్కడి భాగవతులు ఆడే గొల్లకలాపంలో పాలూ పెరుగూ అమ్ముకునే గొల్లభామ ఒక బ్రాహ్మణుణ్ని ఆపి, యజ్ఞమంటే ఏమిటో, పుట్టుక అంటే ఏమిటో చెప్పమని నిలదీస్తుంది. దాన్ని రాసింది భాగవతుల రామయ్య. కూచిపూడిలో గొల్లభామ వేషం కట్టి ఆ ప్రశ్నలు అడుగుతూ వచ్చింది అక్కడి బ్రాహ్మణ కుటుంబాలవాళ్లే. మడి కట్టుకునేవాళ్లే మడిని ప్రశ్నించే కళను తరాల తరబడి మోశారు. పగటివేషాలవాళ్లు యజ్ఞం చేసిన బ్రాహ్మణుడు సోమయాజి, అతని భార్య సోమిదేవమ్మ వేషం కట్టి ఇంటింటికీ వస్తే మన తాతలు నవ్వుకుని బియ్యం పోసి పంపేవారు. నా చిన్నప్పుడు మా అరుగు మీద కూర్చుని ఆ వేషం చూసి పొట్ట పట్టుకుని నవ్విన పెదనాన్న ఇప్పుడు మీ కమిటీలోనే ఉన్నారు.

త్యాగరాజస్వామిని తీసుకోండి. ఆయన కంటే రామభక్తుడు ఎవరున్నారు? ధేనుక రాగంలో ఆయన కీర్తన ఒకటుంది, “తెలియలేరు రామ భక్తి మార్గమును” అని. మా భజన గురువు గారు నేర్పారు. అందులో చరణం “వేగ లేచి నీట మునిగి భూతి పూసి వేళ్లనెంచి” అని మొదలవుతుంది. పెందలాడే లేస్తారు, నీళ్లలో మునుగుతారు, విభూతి పూస్తారు, వేళ్లు లెక్కపెడుతూ జపం చేస్తారు, బయటికి మెప్పు పొందుతారు, లోపల మాత్రం డబ్బు సంపాదన మీదే యావ అంటారాయన. ఆయన రాసింది ఎవరి గురించి? తన చుట్టూ ఉన్న భక్తుల గురించే. ఆ కీర్తన ఇప్పటికీ కచేరీల్లో పాడుతున్నారు, చెవులప్పగించి వింటున్నారు.

వేమన సంగతి చెప్పనే అక్కర్లేదు. మొన్న ఆగస్టు పదిహేనుకు మన స్కూల్లో “చిత్తశుద్ధి లేని శివపూజలేలరా” పద్యం అప్పజెప్పిన పాపకు కమిటీ తరఫున స్టీలు టిఫిన్ బాక్సు ఇచ్చారు. ఆ పాప మా జట్టులో చిన్న కోలలు పట్టే పిల్లే. అది చెప్పిన పద్యమూ, మేం పాడిన పాటా ఒకటే అడుగుతున్నాయి. కొద్ది రోజుల తేడాలో ఒకదానికి బహుమతి, ఒకదానికి తప్పు. ఆ పిల్ల నన్ను అడిగింది, “అత్తా, మనం ఏం తప్పు చేశాం?” అని. దానికి మీరే చెప్పండి.

ఇంకో ప్రశ్న ఊళ్లో కుర్రాళ్లు అడుగుతున్నారు. “మన దేవుళ్లే దొరికారా, వాళ్ల మీద రాయగలవా?” అని. కోపంతో అడిగినా అది అడగాల్సిన ప్రశ్నే. అందుకని జవాబు చెబుతాను.

రాశాను. రెండేళ్ల కిందట రాశాను. మా జట్టులో కాలనీనుంచి వచ్చే అయిదుగురు చర్చికి వెళ్తారు. వాళ్లలో ఒక పెద్దామె చెప్పింది. ఒకటో తారీఖున వితంతు పింఛను చేతికి రాగానే దశమభాగం తీసి కవర్లో వేసి ఇవ్వాలట. ఎవరు ఎంత వేశారో ఆదివారం ప్రార్థనలో పేర్లతో చదువుతారట. బీపీ మాత్రలు కొనుక్కోలేక, పేరు చదవకపోతే పరువు పోతుందని కవరు వేసేదట. “ఒకటో తారీఖు పింఛనొచ్చె, వెంటనే కానుక కవరొచ్చె” అని పల్లవి కట్టాను. మిగతాది ఆమే అందించింది. క్రిస్మస్ ముందు రాత్రి ఆ చర్చి ఆవరణలోనే పాడాం, పాస్టర్ గారు కుర్చీలో కూర్చునే ఉన్నారు. రెండు నెలలు నాతో మాట్లాడలేదు. కానీ ఆదివారం పేర్లు చదవడం మానేశారు. తప్పు కట్టమని మాత్రం అడగలేదు.

మన ఊళ్లో ముస్లిం ఇళ్లు నాలుగే. వాళ్ల గురించి నేను పాట రాయలేదు. కారణం ఒకటే. వాళ్ల ఇంటి లోపల, వాళ్ల మసీదు లోపల ఏం జరుగుతుందో నాకు తెలియదు. నాకు తెలియని ఇంటి మీద రాళ్లు వేస్తే అది పాట కాదు, పుకారు. వాళ్లలోనుంచి ఎవరైనా వచ్చి నా మిషను పక్కన కూర్చుని తన బాధ చెప్పుకుంటే, ఆమెతో కలిసి రాస్తాను. వీరబ్రహ్మం గారి తత్వాలను ఊరూరా మోసిన శిష్యుడు సిద్ధయ్య దూదేకుల ముస్లిం అని మనందరికీ తెలుసు. ఇలాంటి పాటకు ఏ మతంవాళ్లయినా ముందుకు రావచ్చు. కానీ లోపలివాళ్లు రాస్తేనే అది సరిగ్గా తగులుతుంది. నేను గుడికి వెళ్లే మనిషిని కాబట్టి గుడికి వెళ్లేవాళ్ల మీద ఎక్కువ రాశాను. మన ఇంటి ముందు మనం ఊడ్చుకోవడం లాంటిది అది.

నేను రాసిన ప్రతి పాటా గొప్పదని అనడం లేదు. ఒక పాట తప్పు రాశాను. దాని గురించి మీరెవరూ అడగలేదు, అయినా చెప్పాలి.

నాలుగేళ్ల కిందట గంగానమ్మ జాతరకు ముందు పూనకాల మీద ఒక పాట కట్టాను. అమ్మవారు ఒంటి మీదికి వచ్చిందని ఊగేవాళ్లను వెక్కిరిస్తూ రాశాను. ఊగే తీరు, అడిగే కోరికలు, నిమ్మకాయలు, వేపమండలు అన్నీ పెట్టాను. రిహార్సల్‌లో అందరూ తెగ నవ్వారు. ఒకామె నవ్వలేదు. ఏటా పూనకం వచ్చేది ఆమెకే. రిహార్సల్ అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి నాతో అంది, “వదినా, ఏడాదికి ఆ ఒక్క గంటే మా అత్త, మా ఆయన నా కాళ్లకు నీళ్లు పోసి దండం పెడతారు. మిగతా రోజులన్నీ నేనే అందరి కాళ్ల దగ్గరా ఉంటాను. ఆ గంట కూడా నవ్వులపాలు చేస్తావా?”

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాట కాగితం చింపేశాను. మళ్లీ ఎప్పుడూ పాడలేదు. ఆమె నమ్మకం ఎవరి కూలీ ఎగ్గొట్టలేదు, ఎవరినీ కొట్టలేదు, ఎవరి పొలమూ ఆక్రమించలేదు. బతకడానికి ఆమె పట్టుకున్న ఒక కొమ్మ అది. దాన్ని విరగ్గొట్టడానికి నేనెవరిని? అప్పటినుంచి ఒక పాట కట్టేముందు నన్ను నేను అడుగుతాను. ఈ పాట విని ఏడిచేది ఎవరు? కూలికి పోయే మనిషి ఏడిస్తే ఆ పాట వద్దు. కూలి ఎగ్గొట్టినవాడికి గుచ్చుకుంటే ఆ పాట కావాలి. పుట్టుక మీద, కులం మీద, ఒంటి మీద, రూపం మీద ఒక్క అక్షరం రాయను. దేవుడి రూపాన్ని, పూజను వెక్కిరించను. ఏ మనిషి పేరూ పాటలోకి తీసుకురాను.

నా తప్పు నాకు తెలియజేసింది ఎవరు? పాట విన్న మనిషి. విన్నది కాబట్టే చెప్పగలిగింది. ముందుగా కాగితం తీసుకుని కొట్టేసే పద్ధతికి, పాట విని వచ్చి చెప్పే పద్ధతికి తేడా ఇదే. మీకు చూపించి ఉంటే పూనకం పాటను మీరు దాటించి ఉండేవారనే నాకు అనిపిస్తోంది, ఎందుకంటే దానిలో మీలో ఎవరూ లేరు. ఇప్పుడు పాడిన మూడు చరణాల్లో మాత్రం ఒక్కటీ మిగిలేది కాదు. పాటను ముందుగా చూసి నిర్ణయించేది పాటలో ఉన్నవాళ్లే అయితే ఆ పాట ఎప్పటికైనా పందిరి దాకా వస్తుందా?

పైగా కోలాటం పాట కాగితం మీద పుట్టేది కాదు. పల్లవి ఒకరు అందుకుంటే చరణం ఇంకొకరు అతికిస్తారు. కోపు, అంటే ఆట వరస, మారేటప్పుడు కోలల దెబ్బకు తగ్గట్టు మాట మారుతుంది. జడకోపు వేస్తూ వేస్తూ ఎవరో ఒక కొత్త మాట విసురుతారు, అది నిలుస్తుంది. మా జట్టులో ఆరుగురికి చదవడం రాదు. వాళ్లు అందించిన మాటలే మా పాటల్లో బలమైనవి. “ఇంటిదాన్ని మాత అనె” అనే మాట నాది కాదు, ఆ ఆరుగురిలో ఒకామెది. రాసి చూపించాలి అంటే మొదట ఆగిపోయేది వాళ్ల నోళ్లు.

ఇక కేసు సంగతి. మీ కాగితం చూశాక టౌనులో ఒక లాయరు గారిని కలిశాను. మతవిశ్వాసాలను అవమానించారనే కేసు భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్ కింద పెడతారని చెప్పారు. 2024 జూలైకి ముందు అదే ఐపీసీలో 295ఎ, తెల్లవాళ్లు 1927లో తెచ్చింది. మూడేళ్ల దాకా శిక్ష ఉంది. కానీ కావాలని, ద్వేషబుద్ధితో ఒక వర్గంవాళ్ల మతాన్ని అవమానిస్తేనే అది వర్తిస్తుందట. 1957లోనే రాంజీ లాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను నిలబెడుతూనే, తెలియకనో అజాగ్రత్తగానో ద్వేషబుద్ధి లేకుండానో అన్న మాటలు దాని కిందికి రావని చెప్పిందట. పైగా ప్రభుత్వం అనుమతి ఇవ్వనిదే కోర్టు ఆ కేసును విచారణకు తీసుకోదట.

ఇవన్నీ తెలిశాక నాకు భయం తగ్గింది. కానీ జట్టులో ఇద్దరు డిగ్రీ చదివే పిల్లలున్నారు. వాళ్లలో ఒకమ్మాయి కానిస్టేబుల్ పరీక్షకు ప్రిపేర్ అవుతోంది. కేసు అనే మాట వినగానే ఆ పిల్లల తల్లులు టెన్షన్ పడి రిహార్సల్‌కు పంపడం మానేశారు. ఇంకో ఆమెను వాళ్లాయన గడప దాటనివ్వడం లేదు. కేసు పెట్టకపోయినా ఆ ఒక్క వాక్యం చేయాల్సిన పని చేసేసింది. పదహారుమందిమి పదముగ్గురం అయ్యాం. కోలాటానికి జతలు కావాలి, పదముగ్గురితో జతలు కుదరవు. మీకు ఆ సంగతి తెలియక రాసి ఉంటారనే అనుకుంటున్నాను.

బాబాయి గారూ, ఈ ఊళ్లో ఉత్సవం నడవడం వెనక మీ కష్టం నాకు తెలుసు. చందాల కోసం ఎండలో తిరగడం, కరెంటు వాళ్లను బతిమాలడం, నిమజ్జనం రోజు కాలవ దగ్గర పిల్లలు జారిపడకుండా రాత్రంతా నిలబడటం, అన్నదానానికి తెల్లవారుజామున లేచి కూరలు తరగడం, ఇవన్నీ చేసేది మీరే. నేను పాటలో అన్నది మీ అందరినీ కాదు. మీ ఏడుగురి సంతకాల్లో కనీసం అయిదు అయిష్టంగా పెట్టినవని నాకు తెలిసింది. ఆ అయిదుగురూ ఈ లేఖ చదివి ఇంకోసారి మాట్లాడుకోమని కోరుతున్నాను.

నేను కోరేది ఎక్కువేం కాదు. పాటలు ముందుగా చూపించాలన్న తీర్మానాన్ని తీసేయండి. దాన్ని ఎలా మైకులో చదివారో, తీసేశామని కూడా అలాగే మైకులో చెప్పండి. కేసు అనే మాట వెనక్కి తీసుకున్నామని ఆ ముగ్గురి ఇళ్లకు మీలో ఒకరు వెళ్లి చెప్పండి, ఎందుకంటే నేను చెబితే వాళ్లు నమ్మరు. మా పాటలో ఎవరికైనా నిజంగా అన్యాయం జరిగిందనిపిస్తే నా కొట్టుకు రమ్మనండి. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా అక్కడే ఉంటాను. వింటాను. తప్పని తేలితే చింపేస్తాను, ఇంతకుముందు చింపినట్టే. డబ్బు తప్పు మాత్రం కట్టలేం. అది కడితే ఆ కమిలిన చేతుల ఆమెకు నేనేం చెప్పాలి?

కార్తీకం వచ్చేసింది. మా ఆయన సోమవారం మాల వేస్తున్నారు. ఈసారి మన ఊళ్లో ఇరవై మందికి పైగా వేస్తున్నారని విన్నాను. పౌర్ణమి రాత్రి శివాలయం ముందు జ్వాలాతోరణం అయ్యాక కోలాటం వేయడం ఆరేళ్లుగా అలవాటు. ఈసారీ వస్తాం. ఎవరి ఇంటి చీర వాళ్లు కట్టుకుని వస్తాం. మైకు ఇవ్వడం ఇష్టం లేకపోతే ఇవ్వకండి, కోలల చప్పుడుకు మైకు అక్కర్లేదు. ధ్వజస్తంభానికి ఎడమ పక్కన, మునుపు మేం ఆడే చోట, కుర్చీలు వేయకుండా ఖాళీ ఉంచితే చాలు.

మీ ఊరి ఆడపడుచు,
కోలాటం జట్టు తరఫున